ఛాయ లేని చిత్రం



చాలా నాళ్ళకు మళ్ళీ ఈ పుట తెరిచాను. ఈసారి సంధులు, సమాసాలు, ఛందస్సు ప్రక్కన పెట్టి, తెలుగు పండితుడికి ఏమాత్రమూ సంబంధం లేదని మీరనుకొనే ఒక విషయం వ్రాస్తున్నాను. మసక వెలుతురున్న మండపాలలో, సభలలో, పాత ఇళ్ళలో ఫ్లాష్ వెలిగించకుండా ఫొటో తీయడమెలా, అసలు ఎందుకు వెలిగించకూడదు అన్నది విషయం. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. ఈ పాఠం మాత్రం నేను ఒక పిల్లవాడి దగ్గరే నేర్చుకున్నాను. దానికి చెల్లించిన రుసుము కొంచెం ఎక్కువే.

2007 వినాయక చవితి నవరాత్రులలో మా ఐనవిల్లిలో మా వీధి రామాలయం మండపంలో హరికథ ఏర్పాటు చేశాము. కథకుడు డెబ్బై దాటిన భాగవతులవారు. పేరు వ్రాయను. ఆయన కీర్తి కోరిన మనిషి కాదు. ఆ మండపంలో వెలుతురు రెండు ట్యూబులైట్లదీ, దేవుడి ముందున్న దీపాలదీ. ఒక ట్యూబులైటు వెలిగీ వెలగనట్టు కొట్టుకుంటూ ఉండేది. మా అబ్బాయి విదేశం నుంచి పంపిన క్రొత్త డిజిటల్ కెమెరా నా చేతిలో ఉంది. క్రొత్త కెమెరా చేతికి వచ్చినవాడి స్థితి క్రొత్తగా పద్యం కట్టడం వచ్చినవాడి స్థితి వంటిదే. ఎదుటివాడు వింటున్నాడా లేదా అని చూడడు.

కథ గజేంద్ర మోక్షం. ఏనుగు బలం తగ్గుతోంది, మొసలి బలం పెరుగుతోంది. భాగవతులవారు గొంతు తగ్గించి, చిడతలు ఆపి, కళ్ళు సగం మూసి ఆ అలసటను తన ఒంటి మీదికి తెచ్చుకుంటున్నారు. సభ నిశ్శబ్దంగా ఉంది. నేను రెండు గజాల దూరం నుంచి ఫ్లాష్ కొట్టాను. ఆయన ఉలిక్కిపడి ఆగారు. కన్ను నలుపుకుని, చిరునవ్వుతో, "మేష్టారూ, ఏనుగు కళ్ళకు చీకట్లు కమ్మాయని చెప్పబోతున్నాను. ఈలోగా నా కళ్ళకే కమ్మాయి" అన్నారు. జనం నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, ఇంకొక రెండు తీశాను.

తరువాత ఆయన పద్యం ఎత్తుకోబోయి మొదటి పాదం దగ్గరే తడబడ్డారు. వెనుక మృదంగం ఒక ఆవృతం ఖాళీగా తిరిగింది. ఆయన ఆ పద్యం వదిలి వచనంలో కథ ముందుకు నడిపారు. ఆ రాత్రి నాకు అది ముసలితనపు మరుపు అనిపించింది. దానికి కారణం నా చేతిలోనే ఉన్నదన్న సంగతి రెండేళ్ళదాకా తట్టలేదు.

2009లో భాగవతులవారు పరమపదించారు. వారి అబ్బాయి మా ఇంటికి వచ్చి, "మేష్టారూ, నాన్నగారి కథ జరిగినప్పుడు మీరు ఫొటోలు తీశారటగా. పెద్దకర్మ నాడు దండ వేయడానికి ఒకటి ఇప్పిస్తారా?" అని అడిగాడు. నా దగ్గర నలభై మూడు ఉన్నాయి. గర్వంగా కంప్యూటరు తెరిచి ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టాను. పదో ఫొటో దగ్గర నా మాట మెల్లగా తగ్గిపోయింది. కొన్నింటిలో కళ్ళు మూసి ఉన్నాయి, కొన్నింటిలో కంటిపాపలు ఎర్రగా నిప్పుల్లా ఉన్నాయి. నుదురూ ముక్కూ చెమటకు తెల్లగా మెరిసి, ముఖం పిండి అద్దినట్టుంది. వెనుక గోడ మీద నల్లని నీడ అంచు కట్టింది. దీపాలు వెలుగుతున్నాయో లేదో తెలియదు. ఆ కుర్రవాడు అన్నీ చూసి, మర్యాదగా, "ఇది నాన్నగారిలా లేదండి" అన్నాడు. ఏ ఒక్కటీ లేదు.

ఆయన చిత్రం చివరికి దొరికింది. అదే రాత్రి నా దగ్గర పదో తరగతి చదువుతున్న ఒక పిల్లవాడు, తండ్రి ఫొటో స్టూడియోలో మూలపడ్డ పాత ఫిలిం కెమెరా తెచ్చి, స్తంభానికి ఆనుకుని నిలబడి, ఫ్లాష్ లేకుండా మూడే మూడు తీశాడట. అందులో ఒకటి పనికివచ్చింది. ఆ చిత్రంలో చిడతలున్న చేయి కదిలి మసకగా ఉంటుంది. ముఖం మాత్రం స్పష్టం. ఒక చెంప మీద దీపపు పసుపు, రెండో చెంప చీకటిలో. ఇప్పటికీ వారింటి గోడ మీద ఉన్నది అదే. నా నలభై మూడూ నేనే చెరిపివేశాను.

ఆ పిల్లవాణ్ణి పిలిచి, "ఎలా తీశావురా?" అని అడిగితే వాడు చెప్పిన జవాబు నేను మరువలేదు. "తాతగారు పద్యం చివర ఆగుతారండి మేష్టారూ. అప్పుడు నొక్కానండి." నేను ఆయన పద్యాన్ని ఆపి ఫొటో తీశాను. వాడు ఆయన పద్యం ఆగేదాకా ఆగి తీశాడు. నా వాదం మొత్తం ఇంతే. మిగిలినది దానికి వ్యాఖ్యానం.

ముందు లెక్క చూద్దాము. మా కోనసీమలో మధ్యాహ్నం వేళ ఆరుబయట ఎండ సుమారు 1,00,000 లక్సుల వెలుతురు. ఇటువంటి మండపంలో రాత్రి 50 లక్సులు ఉంటే ఎక్కువ. అంటే రెండు వేల వంతులు తక్కువ. మన కంటికి ఈ తేడా ఇంతగా తెలియదు, ఎందుకంటే కన్ను సర్దుకుంటుంది. కెమెరాను మనమే సర్దాలి. సర్దడానికి ఉన్నవి మూడే: కటకపు కన్ను ఎంత తెరవాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి, లోపలి ఫలకం ఎంత సున్నితంగా ఉండాలి. వీటినే ఎపర్చరు, షట్టరు, ఐఎస్ఓ అంటున్నాము.

ఛందస్సు తెలిసినవారికి ఇది కష్టం కాదు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. కెమెరాలోనూ ప్రతి మెట్టూ ముందరి దానికి రెట్టింపు లేదా సగం. సెకనులో అరవయ్యో వంతు లఘువైతే ముప్పయ్యో వంతు గురువు. మాత్ర అంటే కనురెప్పపాటు కాలమని మన లాక్షణికులు చెప్పారు. షట్టరు కూడా ఒక రెప్పే. గణాలు మార్చినా మాత్రల మొత్తం సరిపోతే పాదం నిలిచినట్టే, ఈ మూడింటిలో ఒకటి తగ్గించి మరొకటి పెంచినా వెలుతురు సరిపోతే చిత్రం నిలుస్తుంది.

ఒక ఉదాహరణ. మండుటెండలో ఐఎస్ఓ 100, ఎపర్చరు ఎఫ్ 16, షట్టరు సెకనులో నూరవ వంతు సరిపోతుందన్నది పాత ఫొటోగ్రాఫర్ల సూత్రం. మండపంలో వెలుతురు రెండు వేల వంతులు తగ్గింది. ఎపర్చరును ఎఫ్ 1.8కి తెరిస్తే సుమారు 79 రెట్లు తిరిగి వస్తుంది. ఐఎస్ఓ 1600 చేస్తే మరి 16 రెట్లు. రెండూ గుణిస్తే 1264. మిగిలిన లోటు ఒకటిన్నర రెట్లు మాత్రమే. షట్టరు అరవయ్యో వంతుకు తెస్తే అది కూడా తీరిపోతుంది. ఫ్లాష్ అవసరం ఎక్కడుంది? ఎఫ్ 1.8 ఉన్న 50 మిల్లీమీటర్ల కటకం దాదాపు ప్రతి కంపెనీ చేసే చౌకరకం కటకాలలో ఒకటి. మా పిల్లవాడి దగ్గర ఉన్నదీ అదే. వాడి ఫిలిం 400 వేగానిది కాబట్టి పదిహేనో వంతు దాకా తెరిచి ఉంచవలసి వచ్చింది. అందుకే స్తంభానికి ఆనుకున్నాడు. అందుకే చేయి మసకబారింది.

ఇక ఫ్లాష్ చేసే మేలు ఎంతో చూద్దాము. దాని వెలుగు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. రెండు మీటర్ల దగ్గర ఉన్న వెలుగు నాలుగు మీటర్ల దగ్గర నాలుగో వంతు, ఎనిమిది మీటర్ల దగ్గర పదహారో వంతు. సభలో ఇరవయ్యో వరుసలో కూర్చుని సెల్‌ఫోను పైకెత్తి ఫ్లాష్ కొట్టేవారికి వేదిక మీదివారు రారు. ముందు వరుసలోని పెద్దల బట్టతలలు మాత్రం దివ్యంగా వస్తాయి. మా బడి వార్షికోత్సవాలలో ఇలాంటి చిత్రాలు వందలు చూశాను.

తోలుబొమ్మలాట దగ్గర ఇంకా ఘోరం. కాకినాడ దగ్గరి మాధవపట్నం ఈ కళకు పేరుపొందిన ఊరు. తెల్లని తెర, వెనుక దీపం, మధ్య రంగుల తోలుబొమ్మ. పూర్వం ఆముదపు దీపాలు పెట్టేవారు, తరువాత విద్యుద్దీపాలు వచ్చాయి. వెలుగు వెనుక నుంచి రావడమే ఆ ఆటకు ప్రాణం. ముందు నుంచి ఫ్లాష్ పడితే బొమ్మ మాయమై తెల్లని గుడ్డ మిగులుతుంది. తీసేవాడు తాను తీయవచ్చినదానినే చెరిపివేస్తున్నాడు. తోలుబొమ్మలాటలో ఇది కంటికి కనబడుతుంది, హరికథలో కనబడదు. రెండు చోట్లా జరిగేది మాత్రం అదే.

ఇక్కడ పండితుడిగా ఒక మాట. ఫొటోకు మనవాళ్ళు ఛాయాచిత్రం అని పేరు పెట్టారు. అమరకోశం నానార్థవర్గంలో ఛాయ అన్న మాటకు నాలుగర్థాలు చెప్పారు: సూర్యుని భార్య, కాంతి, ప్రతిబింబం, ఎండ లేని చోటు. ఒక్క మాటలో వెలుగూ నీడా రెండూ ఉన్నాయి. ఇంతకన్న మంచి పేరు ఈ కళకు మరే భాషలోనైనా ఉందేమో నాకు తెలియదు. కెమెరా తల మీది ఫ్లాష్ సరిగ్గా ఎదురు నుంచి కొట్టి ముఖంలోని నీడలన్నీ తుడిచివేస్తుంది. ఆ పోయిన నీడ గోడ మీద దయ్యంలా తేలుతుంది. ఛాయ పోయిన తరువాత అది ఛాయాచిత్రం ఎలా అవుతుంది?

ఈ పోరాటం క్రొత్తది కాదు. 1887లో జర్మనీలో మెగ్నీషియం కలిపిన మెరుపు పొడి వచ్చింది. భగ్గుమని మండి, గదినిండా పొగ నింపేది. 1924లో అదే దేశంలో ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరా వచ్చింది. దాని కటకం ఆనాటికి ఎంతో విశాలమైనది. దానితో ఎరిక్ సాలమన్ అన్న ఆయన నానాజాతి సమితి సమావేశాలలో, న్యాయస్థానాలలో మెరుపు లేకుండా, ఎవరి మాటా ఆపకుండా చిత్రాలు తీశాడు. ఫ్లాష్ అంటే గిట్టని హెన్రీ కార్టియే బ్రెస్సన్, 1950 ఏప్రిల్‌లో రమణ మహర్షి చివరి రోజులలో తిరువణ్ణామలైలో ఉండి చిత్రాలు తీశాడు. అటువంటి చోట మెరుపు మెరిపించడం ఎంత అపచారమో ఊహించండి. మన దేశంలోనే సుబ్రతో మిత్ర, 1956 నాటి ‘అపరాజితో’ చిత్రానికి సెట్టు మీద తెల్లగుడ్డ పరిపించి, దీపాల వెలుగును దాని మీద పడవేసి తిరిగి వచ్చేలా చేసి, కాశీలోని పాత ఇంటి పగటి వెలుతురును తెచ్చాడు. అజంతా గుహలలో ఫ్లాష్ నిషేధం. ఆ మెరుపు వలన వర్ణచిత్రాలకు జరిగే హాని ఎంత అన్న విషయంలో నిపుణులలో భేదాభిప్రాయాలున్నాయి. కానీ ప్రక్కన నిలబడి చూస్తున్న మనిషికి జరిగే హానిలో భేదాభిప్రాయం లేదు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. పోవడానికి ఒక్క మెరుపు చాలు. వయసు మళ్ళిన కంటికి తేరుకోవడం మరింత ఆలస్యం. భాగవతులవారి పద్యం పోయినది అందుకే.

ఇప్పుడు పూర్వపక్షం. నాకు తెలిసిన ఒక ఫొటోగ్రాఫరు, "మేష్టారూ, మీరు సరదాకు తీస్తారు. మాకది కూడు. పెళ్ళికూతురి ముఖం నల్లగా వస్తే డబ్బులివ్వరు" అన్నాడు. ఇది నిజం. తెల్లవారుజాము ముహూర్తంలో, హోమపు పొగలో, నాలుగు వందల మంది బంధువుల మధ్య ఒక్క క్షణం తప్పిపోతే జీలకర్ర బెల్లం మళ్ళీ పెట్టించలేము. అతడి వృత్తిని నేను తప్పు పట్టను. తప్పు అడిగేవారిది. ముఖం తెల్లగా ఉంటేనే బాగున్నట్టు అనుకొనే మనది. చామనఛాయ అన్న చక్కని మాట ఉన్న జాతి, ఫొటోలో ఆ ఛాయనే సహించలేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. అయినా అతడికి ఒక మాట చెప్పాను. ఫ్లాష్ తప్పనిసరి అయితే దానిని ముఖం వైపు కాక తెల్లని కప్పు వైపో గోడ వైపో త్రిప్పమని. సుబ్రతో మిత్ర తెల్లగుడ్డ చేసిన పని సున్నం వేసిన గోడ కూడా చేస్తుంది.

రెండవ పూర్వపక్షం మా తోటి పండితుడొకాయన లేవదీశాడు. "మన భాగవతులు మాత్రం మెరుపులు మెరిపించలేదా? కూచిపూడి ఆటలో పాత్ర ప్రవేశించేటప్పుడు కాగడాల మీద గుగ్గిలం చల్లి భగ్గుమనిపించేవారు కదా?" అన్నాడు. మంచి ప్రశ్న. అవును, చల్లేవారు. కానీ ఆ మంట పాత్ర కోసం, ఆట తాళంలో, ఆట తెలిసినవాడి చేతితో లేచేది. నా ఫ్లాష్ నా కోసం, నా తాళంలో లేచింది. ఒకటి కథలో భాగం, రెండవది కథ మధ్యలో దగ్గు.

దీపపు వెలుగు మనకు క్రొత్తేమీ కాదు. 1996 నవంబరు 6 తుపాను తరువాత మా కోనసీమలో చాలా రోజులు కరెంటు లేదు. కొబ్బరి తోటలు నేలకొరిగాయి. రాత్రి పూట అరుగు మీద ఒక లాంతరు చుట్టూ నాలుగిళ్ళవాళ్ళము చేరేవాళ్ళము. ఎవరిల్లు నిలిచింది, ఎవరిల్లు పోయింది, ఎవరు తిరిగి రాలేదు అన్న మాటలు ఆ వెలుగులోనే విన్నాము. ఆ ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. సగం వెలుగు, సగం చీకటి. ఆ ముఖాలను ఫ్లాష్ వేసి తీసి ఉంటే చెట్లు కూలిన ఊరు కనబడేదేమో కానీ, ఆ రాత్రి కనబడేది కాదు.

సరే, తీయదలచినవారికి నాలుగు మాటలు. గర్భాలయాలలో తీయరాదన్నచోట అసలు తీయకండి, ఫ్లాష్ లేకుండా అయినా సరే. తీయవచ్చునన్న చోట ముందే కథకుణ్ణో, నర్తకినో ఒక మాట అడగండి. ఫ్లాష్‌తో పాటు, గురి చూసేటప్పుడు కెమెరా వెలిగించే చిన్న దీపాన్నీ, అది చేసే కీచుశబ్దాన్నీ ఆపివేయండి. స్తంభమో గోడో చూసుకుని ఆనుకోండి, మోచేతులు ఒంటికి ఆనించండి, ఊపిరి సగం వదిలి నొక్కండి. విద్యుద్దీపాల క్రింద చారలు పడుతుంటే షట్టరు యాభయ్యో వంతుకో నూరో వంతుకో పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జులది, ఆ దీపాలు సెకనుకు నూరుసార్లు మినుకుమంటాయి. ఐఎస్ఓ పెంచితే చిత్రంలో నలుసులు కనబడతాయి, కనబడనివ్వండి. నలుసులున్న నిజం నున్నని అబద్ధం కన్న మేలు. ఇప్పటి సెల్‌ఫోనులలో రాత్రి విధానం వచ్చింది. 2018లో గూగుల్ దానిని ప్రచారంలోకి తెచ్చింది. అది అనేక చిత్రాలు వరుసగా తీసి కలిపి ఒకటిగా చేస్తుంది. కదిలే నర్తకికి అది పనికిరాదు, కదలని దీపానికి పనికివస్తుంది.

అన్నిటికన్న ముఖ్యమైనది చివరిది. వినండి. జతి ముగిసిన చోట నర్తకి ఒక్క క్షణం నిలుస్తుంది. పద్యం చివర కథకుడు ఊపిరి పీలుస్తాడు. ఆ క్షణంలో షట్టరు ఎంత నెమ్మదిగా ఉన్నా చిత్రం నిలుస్తుంది. ఆ క్షణం ఎప్పుడు వస్తుందో కథ వింటున్నవాడికే తెలుస్తుంది. ఫ్లాష్ ఉన్నవాడికి వినవలసిన పని లేదు. అది లేనివాడు వినక తప్పదు. ఆ ఇబ్బంది మనకు మంచిదని నా అభిప్రాయం.

బహుమతి ప్రదానాలకు, గుర్తింపు కార్డులకు, పంచాయతీ వారి కొలతలకు ఫ్లాష్ నిరభ్యంతరంగా వాడుకోండి. అక్కడ చెడిపోయే పద్యమేమీ లేదు.

మా ఐనవిల్లి విఘ్నేశ్వరుడి సన్నిధిలో పరీక్షల ముందు కలాలకు పూజ చేసి పిల్లలకు పంచే ఆచారం ఉంది. నేను పనిచేసిన రోజుల్లో నా పిల్లలు కూడా ఆ కలాలు తెచ్చుకుని చూపించేవారు. పనిముట్టును ముందు దేవుడి ముందు పెట్టి, తరువాతే చేతిలోకి తీసుకోవడం నాకెంతో నచ్చేది. నాకు కెమెరా వచ్చినప్పుడు ఆ బుద్ధి పుట్టలేదు. సూటిగా తీసుకువెళ్ళి ఒక పెద్దాయన కళ్ళలో కొట్టాను.

ఆ పిల్లవాడిప్పుడు పెద్దవాడై వేరే ఊరిలో ఉద్యోగం చేస్తున్నాడు. పండుగకు వచ్చినప్పుడల్లా కనబడి "మేష్టారూ, ఇంకా ఫొటోలు తీస్తున్నారాండి?" అని అడుగుతాడు. తీస్తున్నాను. సభకు ఒకటో రెండో. స్తంభం దగ్గర చోటు చూసుకుంటాను. ఫ్లాష్ మీద నల్లకాగితం అంటించి చాలా ఏళ్ళయింది, పొరబాటున కూడా వెలగకుండా. చాలాసార్లు ఫొటో రాదు. కథ మాత్రం పూర్తిగా విని ఇంటికి వస్తున్నాను.

మీలో ఎవరికైనా ఇటువంటి అనుభవం ఉంటే, లేదా నా వాదంలో దోషం కనబడితే, మొగమాటం లేకుండా వ్రాయండి. దిద్దుకుంటాను.

స్వస్తి.